నాలుగు ఎర్ర సీసాలు

మల్సూర్ ఏడో తాటిచెట్టు మీద ఉండగా కింద గడి గుమాస్తా గోపయ్య గొంతు వినబడింది.

"ఓ మల్సూరూ! దిగురా! దొర పిలుస్తుండు!"

చెట్టెక్కినవాణ్ణి తొందరపెట్టగూడదన్న ఇంగితం ఆ మనిషికి ఏనాడూ లేదు. మల్సూర్ గెల కొసను కత్తితో ఒక్క పొర, వెంట్రుకమందాన చెక్కాడు. మే నెల ఎండకు కొస ఇట్టే ఎండిపోతుంది. లోతుగా కోస్తే గెల చస్తుంది, పైపైన గీస్తే కల్లు పారదు. చుక్క రాలడం మొదలయ్యాక కల్లు పట్టే లొట్టిని మళ్ళీ తగిలించి, నడుముకున్న మోకు సవరించుకుని, అప్పుడు దిగాడు.

"ఏందయ్యా?"

"నాకేం తెలుసు. జల్ది తోల్కరమ్మన్నడు. మీ భిక్షపతి ముచ్చటే అయ్యుంటది."

కొడుకు పేరు వినగానే మల్సూర్ మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. భిక్షపతిని మిలిటరీవాళ్ళు పట్టుకుపోయి మూడు నెలలు. నిజాం దిగిపోయి యూనియన్ మిలిటరీ వచ్చాక, దొరల మీద తిరగబడ్డ సంగానికి జడిసి పట్నం పారిపోయిన దొర ఆ లారీల వెనకే ఊళ్ళోకి తిరిగొచ్చాడు. మిలిటరీవాళ్ళు దిగిన మిర్యాలగూడ బంగళా వెనక ముళ్ళకంచె వేసి, సంగపోళ్ళని అనుమానం తగిలినవాళ్ళందరినీ అందులో కుక్కారు. భిక్షపతి చేసిన నేరమల్లా ఒక పొద్దున చెట్టు కిందికి వచ్చిన నలుగురు కొత్తవాళ్ళకు కల్లు పోయడం. చెట్టు కిందికి వచ్చి దోసిలి పట్టినవాణ్ణి నువ్వెవడివని అడిగే గౌండ్లవాడు ఎక్కడైనా ఉంటాడా?

గడిలో దొర గడ్డం గీయించుకుంటున్నాడు. మల్సూర్ చెప్పులు బయటే విడిచి, ఎండలో నిలబడ్డాడు. మంగలి ఒక చెంప పూర్తి చేసేదాకా దొర ఇటు చూడలేదు.

"ఏందిరో, నీ నాలిక మంచిగనే పనిచేస్తుందా?" అన్నాడు చివరికి.

"నీ బాంచెన్ దొరా. కల్లు చుక్క ఏస్తే ఏ చెట్టుదో చెప్త. అంతకంటే ఏం తెలుసు నాకు?"

"గంతే చాలు. శనివారం నాడు మన మిలిటరీ కప్తాను పుట్టినరోజు. మిర్యాలగూడ బంగళాల దావతు నేనే ఇస్తున్న. ఆయినకు ఎర్ర వైను కావాలె. ద్రాక్షపండ్లది. లడాయిల ఇటలీ దేశం పోయినప్పుడు మరిగిండట. తీపి ఉండొద్దు, నోరు పట్టాలె అంటడు. మొన్న సూర్యాపేట సేటు ఇచ్చిన సీసాలది నోట్ల ఏస్కోని తుపుక్కున ఊసిండు. బెల్లం సారాల రంగు కలిపిండు దొంగనాకొడుకు! నా ఇజ్జత్ పోయింది." దొర రెండో చెంప తిప్పాడు. "గోపయ్య అచ్చరం జూస్తడు, నువ్వు రుచి జూడు. అసలుదే తేవాలె."

మల్సూర్ తల ఊపాడు. కొడుకు మాట ఎత్తబోయేలోగా దొరే అందుకున్నాడు.

"పిలగాని ముచ్చట నాకు మతిల ఉన్నది. కప్తాను దిల్ ఖుష్ అయిన గడియ జూసి చెవిల ఏస్త. పో ఇగ."

ఇంట్లో భార్య ఆండాలు జొన్నరొట్టెలు మూటగట్టి, ఇంకో చిన్న మూట పక్కన పెట్టింది. అందులో ఉతికిన ధోవతి, వేయించిన పల్లీలు.

"మిర్యాలగూడ పోతవు గద, వానికియ్యి. మొన్న నేను పోతే గేటు కాడ్నే ఎల్లగొట్టిండ్రు. పల్లీలన్న తీసుకోరాదు, ముండకొడుకులు!"

"దొర మాటిచ్చిండే. ఈపారి ఇడిపిస్తడు."

"మాటకేం, మంచిగనే ఇస్తడు," అని ఆమె పొయ్యి వైపు తిరిగింది. ఏడుస్తోందో, పొగకు కళ్ళు తుడుచుకుంటోందో మల్సూర్‌కు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

*

మంగళవారం సాయంత్రానికి సూర్యాపేట చేరారు. బండి దొరది, తోలింది మల్సూర్. గోపయ్య వెనక గడ్డి మీద పడుకుని, ఎండను తిట్టి, ఎడ్లను తిట్టి, మధ్యలో తన తలరాతను తిట్టుకున్నాడు. సేటు దుకాణంలో బ్రాందీ ఉంది, విస్కీ ఉంది, దొర పేరు చెప్పేసరికి సేటు ముఖాన చెమట కూడా ఉంది. ఎర్ర వైను మాత్రం లేదు.

"కోదాడ నాకాకు పోండ్రి," అన్నాడతను చేతులు జోడించి. "అవుతల ఆంధ్రల మందు బంద్ వెట్టిండ్రు గద. హైదరాబాదు నుంచి సీసాలు దాటిస్తుంటే నాకావోళ్ళు పట్టి కుప్పేసిండ్రు. అన్ని రకాలుంటయి."

కోదాడ నాకా అంటే ఒక రేకుల షెడ్డు, అడ్డంగా ఒక వాసం, వాసం ఇటు లారీలు, అటు లారీలు. వాళ్ళు చేరేసరికి గురువారం పొద్దెక్కింది. దొర రాసిచ్చిన చిట్టీ చదువుకుని నాకా మీది దరోగా నవ్వాడు. వెనక కొట్టు తాళం తీయమని జవాను ఎర్రయ్యకు చెప్పాడు. ఎర్రయ్యది కోదాడే, మాట సగం సరిహద్దు అవతలిది.

"ఇదుగోనండి, మొత్తం నలభై దాకా ఉన్నయ్. ఎర్రవి ఆ మూల పెట్టాం. జగ్గయ్యపేటలో పెళ్ళికని తీస్కపోతుంటే దొరికినయ్. పెళ్ళికొడుకే దొరికాడండి పాపం, బాసికంతో సహా!"

గోపయ్య ఒక సీసా ఎత్తి అతికించిన కాగితం మీది అక్షరాలు చూశాడు. తిప్పి చూశాడు. వెలుతురులోకి తీసుకుపోయి చూశాడు. గోపయ్యకు ఇంగ్లీషు వచ్చునని ఊరంతా అనుకుంటుంది, ఆయన కూడా అదే అనుకుంటాడు.

"ఇది గుర్రం మార్క," అన్నాడు గంభీరంగా. సీసా మీద గుర్రం బొమ్మ ఉంది మరి.

మల్సూర్ ఎర్ర సీసాలన్నీ గుమ్మం దగ్గరికి తెచ్చి వరుసగా నిలబెట్టాడు. పద్దెనిమిది. ఒక్కొక్కటి ఎత్తి ఎండకు అడ్డంగా పెట్టాడు. కొన్నింట్లో సరుకు మెడ దిగి భుజం దాకా పోయింది. బిరడా చుట్టూ వేలు పెట్టి రాసి, వేలు వాసన చూశాడు. కారినవి పక్కన పెట్టాడు. మెల్లగా వంచి అడుగున మడ్డి ఎట్లా కదులుతుందో చూశాడు. గుప్పున లేచి మబ్బు పట్టినవి మరో పక్కన పెట్టాడు. ఇంతసేపూ గోపయ్య గోళ్ళు కొరుక్కుంటున్నాడు, దరోగా కుర్చీ లాక్కుని తమాషా చూస్తున్నాడు.

చివరికి మూడు రకాలు మిగిలాయి. గుర్రం బొమ్మవి మూడు, మేడ బొమ్మవి రెండు, ద్రాక్షగుత్తి బొమ్మవి ఐదు.

"రకానికొక్కటి ఇప్పాలె సాబ్," అన్నాడు మల్సూర్.

"మూడు సీసాలు లెక్క తగ్గుతయి గదా?" అన్నాడు దరోగా.

"ఒక్క చెట్టుకు ఒక్క పూట దిగిన లొట్లు ఒక్క తీరుగనే ఉంటయి. ఒకటి నాలిక మీద ఏస్తే తక్కినయి తెలుస్తయి. ఇప్పకుంట నేను చెప్పలేను."

దరోగాకు ఆ మాట నచ్చింది. ఇప్పమన్నాడు. ఎర్రయ్య మేకు గుచ్చి బిరడా లాగాడు. మల్సూర్ అలవాటు చొప్పున ఎల్లమ్మ పేరు చెప్పి మూడు చుక్కలు నేల మీద రాల్చాడు. అరచేతిలో కాస్త పోసుకుని నాలుక ఆనించాడు. గుర్రంది పాకంలా ఉంది. గోపయ్య తానూ దోసిలి పట్టి, "ఆహా, ఇదే! ఏం తీపిరా!" అన్నాడు.

"తీపి ఉండొద్దన్నడు గదయ్యా దొర."

మేడది నోట్లో వెయ్యగానే పళ్ళు జివ్వుమన్నాయి. ఎప్పుడో పులిసి చచ్చింది. ఊసేసి, నీళ్ళు పుక్కిలించి, మల్సూర్ కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఒక రుచి నాలుక మీద ఉండగా రెండోది ముట్టడు అతను. తర్వాత ద్రాక్షగుత్తిది. మొదట ఏమీ తెలియలేదు. ఆనక దోర నేరేడుపండు కొరికినట్టు నోరంతా బిగిసింది. దవడలు పట్టాయి. ఇంతేనా అనుకుంటుండగా ఆ బిగువు మెల్లగా విడిచి, గొంతులో ఎక్కడో చల్లగా మిగిలింది. కళ్ళు మూసుకుని ఇంకో చుక్క వేసుకున్నాడు. పులుపు ఉందిగాని పులిసిన పులుపు కాదు. ఇటువంటిది పుట్టిన తర్వాత ఎన్నడూ తాగలేదు. అయినా ఇది తప్పులేని సరుకని అతనికి తెలిసిపోయింది, అంతే.

"గిదే," అన్నాడు. "గీ గుత్తివి నాలుగియ్యిండ్రి."

*

కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు బండి దారి. గడ్డి పరిచి, తడి గోనెపట్టాలు చుట్టి నాలుగు సీసాలనూ పడుకోబెట్టాడు. దారిలో చిన్న గుంట వస్తే చాలు, ఎడ్లను ఆపి, దిగి, చేత్తో తడిమి చూశాడు. గోపయ్యకు నవ్వొచ్చింది.

"బాలింతను తోల్కపోతున్నవారా?"

శుక్రవారం మధ్యాహ్నం ఎండ పిచ్చిపట్టినట్టు కాసింది. గోనె తడిపిన అరగంటకే ఎండి గరగరలాడింది. ఒక వేపచెట్టు కింద బండి విప్పాడు. గోపయ్య పడుకున్న వెంటనే గుర్రు పెట్టాడు. మల్సూర్ సీసా మీద చెయ్యి వేశాడు. కాలుతోంది.

చటుక్కున చెయ్యి తీసేశాడు. ఎండకు వేడెక్కిన కల్లు ఊరుకుంటుందా? పొంగుతుంది. అందుకే లొట్టికి ఎవడూ బిగించి మూత పెట్టడు, ఆకు వత్తే పెడతాడు. బిరడా బిగించిన కల్లుసీసా పేలి పక్కూరి లింగన్న కన్ను పోవడం తన కళ్ళతో చూశాడు. ఈ నాలుగూ ఇక్కడ పేలితే? సీసాలతో పాటు దావతు పోతుంది, దావతుతో పాటు భిక్షపతి పోతాడు.

గోపయ్యను లేపుదామనుకున్నాడు. గుర్రం మార్క మనిషిని లేపి ఏం అడుగుతాడు! కత్తి తీశాడు. మొన పక్కగా దించి, మెల్లగా తిప్పుతూ, ఓపికగా మొదటి బిరడా పైకి లాగాడు. లేత తాటాకు చీల్చి, మడిచి, గాలి ఆడేటట్టు వత్తి పెట్టాడు. రెండోది, మూడోది కూడా అట్లాగే వచ్చాయి. నాలుగోది మొండికేసింది. సగం పైకి పెళుసుగా విరిగింది, సగం లోపలే ఉండిపోయింది. లోపలికి తోస్తే సరుకులో పడుతుంది. సరే, దీని కర్మ అని దాన్ని మాత్రం నీడన గడ్డి అడుగున పెట్టాడు. పని అయ్యాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు, పిచ్చి తండ్రి.

శనివారం పొద్దున మిర్యాలగూడ ఇంకా రెండు కోసులుండగా, వాగు దగ్గర ఎడ్లకు నీళ్ళు పెట్టి, ఒక సీసా వత్తి తీసి చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ బిగువు లేదు. ఆ చల్లదనం లేదు. నిన్న కడిగిన కుండలో మిగిలిన నీళ్ళలాగ చప్పగా, చివర్న పుల్లగా ఉంది. రెండోది చూశాడు, అదీ అంతే. మూడోదీ అంతే. కల్లు గాలి తగిలితే బతుకుతుంది, ఇది గాలి తగిలితే చస్తుంది! ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళెవరు? నాలుగు రోజులు ఎడ్లతో సమంగా కష్టపడి, బంగారం లాంటి సరుకును తన చేతులతో తానే చంపుకున్నాడు. వాగు ఇసుకలో కూలబడి తల బాదుకున్నాడు.

గోపయ్యకు సంగతి తెలిసేసరికి నోరు పడిపోయింది. తిరిగి లేచాక ఆగలేదు.

"కొంప ముంచినవు గదరా! నీ కొంపే కాదు, నాది గూడ ముంచినవు! దొర నన్ను బతకనిస్తడా? ఎందుకిప్పినవ్? ఎవడిప్పమన్నడు?"

"పేల్తదనుకున్ననయ్యా."

"పేల్తే పేలనియ్యకపోయినవ్! ఎండకు పేలిందని చెప్పేటోళ్ళం!"

మల్సూర్ గడ్డి అడుగున చెయ్యి పెట్టి నాలుగో సీసా బయటికి తీశాడు. విరిగిన బిరడా సగం అట్లాగే బిగిసి ఉంది. వేలితో రాసి వాసన చూశాడు.

"గిది బతికే ఉన్నదయ్యా," అన్నాడు. "కప్తానుకు గిదొక్కటే పోద్దాం. తక్కినోళ్ళకు గవి పోద్దాం. తెల్సుకునేటంత నాలిక ఆయినకు తప్ప ఎవలికుంటది?"

గోపయ్య వాగులో ముఖం కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, "దొరకు?" అన్నాడు.

"దొరకు గూడ గవే."

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

*

బంగళా వరండాకు కొత్తగా సున్నం వేశారు. కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్య బల్ల మీద తెల్లగుడ్డ పరిచి గాజు గ్లాసులు పెట్టారు. వెనక పొయ్యిల మీద మేకమాంసం ఉడుకుతోంది. పొద్దు వాలుతున్నా ఎండ తగ్గలేదు. దొర కాక ఒక మిల్లు ఆసామి, ఇద్దరు పటేళ్ళు, ఇద్దరు మిలిటరీ అధికారులు వచ్చారు. కప్తాను పొడుగాటి మనిషి, కనుబొమ మీద పాత గాయం. మెళ్ళో వేసిన దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మల్సూర్ బల్ల పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి ముళ్ళకంచె కనిపిస్తోంది. కంచె లోపల రేకు కింద మనుషులు ముడుచుకుని కూర్చున్నారు. ఎవరు ఎవరో పోల్చుకోవడానికి కళ్ళు చిట్లించాడుగాని, కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఏమీ కనబడలేదు.

విరిగిన బిరడాను ఒక జవాను చాకుకు ఉన్న మెలికల పుల్లతో టప్పున లాగాడు. మల్సూర్ కప్తాను గ్లాసులో పోశాడు. మూడు సీసాల సరుకు తక్కినవాళ్ళ గ్లాసుల్లో పోశాడు. మంచి సీసాను కలవకుండా ఎడమ పక్కకు జరిపి పెట్టుకున్నాడు.

కప్తాను గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టాడు. తిప్పాడు. వాసన చూశాడు. ఒక గుక్క తీసుకుని మింగకుండా నోట్లో ఆపాడు. మల్సూర్‌కు ఆ ముఖం తెలుసు. నాకాలో తను కూడా అట్లాగే కళ్ళు మూసుకున్నాడు.

"వాహ్," అన్నాడు కప్తాను నెమ్మదిగా. ఇది ఎక్కడ దొరికిందని తురకంలో అడిగాడు.

"తమరి కోసం బొంబాయి నుంచి ప్రత్యేకం తెప్పించిన హుజూర్," అన్నాడు దొర అదే భాషలో. తన గ్లాసు గుటగుటా తాగి, "వాహ్ వాహ్! ఏం రుచి!" అని పెదాలు తుడుచుకున్నాడు.

ఆబ్కారీ జవాన్ల కేకలు వింటూ ముప్ఫై ఏళ్ళు చెట్లెక్కినవాడికి తురకం అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? మల్సూర్‌కు ప్రతి మాటా తెలుస్తోంది. మాట్లాడాల్సిన పని ఎన్నడూ పడలేదంతే.

కప్తాను రెండో గ్లాసుకు చెయ్యి చాచాడు. మల్సూర్ అదే సీసా ఎత్తాడు. దొరకు వేరే సీసా ఎత్తాడు. కప్తాను చూపు ఒక సీసా మీదినుంచి ఇంకో సీసా మీదికి పోయింది. లేచి, దొర చేతిలోని గ్లాసు తీసుకుని వాసన చూసి, విరగబడి నవ్వాడు.

"దేశ్‌ముఖ్ సాబ్, మీరు తాగుతున్నది చచ్చి రెండు రోజులైంది!" అన్నాడు. మిలిటరీవాళ్ళూ నవ్వారు. దొర చెవులు ఎర్రబడ్డాయి. "బాగున్నదాన్ని నాకోసం వేరు చేసిందెవరు?"

గోపయ్య చెమటలు కక్కుతూ మల్సూర్‌ను చూపించాడు. దొర ఎట్లాగో నవ్వు తెచ్చుకున్నాడు. వీడు కల్లుగీసేవాడని, వీడి నాలుక గట్టిదని, సరుకు ఎంచింది వీడేనని ఒప్పుకోక తప్పలేదు. కప్తాను మల్సూర్‌ను పైనుంచి కిందికి చూశాడు. తనకు ఇటలీ వదిలాక మళ్ళీ ఇప్పుడే ఒక మంచి సాయంత్రం దొరికిందని, ఏం కావాలో అడగమని అన్నాడు.

దొర తెలుగులో చెప్పాడు. "కప్తాను సాబు ఖుషీ అయిండురా. ఏం కావాలె అంటుండు."

ఈ గడియ కోసమే కదా ఐదు రోజులు! మల్సూర్ చేతిలోని సీసా బల్ల మీద దించి దండం పెట్టాడు.

"నా కొడుకు దొరా. నా భిక్షపతి. గా మాట జెప్పు దొరా, నీ బాంచెన్."

దొర కప్తాను వైపు తిరిగాడు.

"గరీబోడు హుజూర్. ఒక కంబళి ఇప్పించమంటున్నడు."

కప్తాను ఈ ఎండలోనా అని నవ్వాడు. జవానుకు సైగ చేశాడు. జవాను లోపలికి పోయి మిలిటరీ కంబళి తెచ్చి మల్సూర్ చేతుల మీద పెట్టాడు. మందంగా, బరువుగా, కలరా ఉండల వాసన వేస్తోంది.

మల్సూర్ కంబళి చూశాడు. దొరను చూశాడు. దొర తీరిగ్గా పల్లీలు నములుతున్నాడు. విన్నదానిలో పొరపాటు ఉందేమో అనుకోవడానికి కూడా దారి లేదు. కొడుకని అడిగాడు, కంబళి అని చెప్పాడు. ఇంత తేలిగ్గా! దండం పెట్టి వెనక్కి నడవాలి ఇప్పుడు. పుట్టినప్పటినుంచీ చేసింది అదే. కాళ్ళు కదల్లేదు.

"కంబల్ నక్కో సాబ్," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "బేటా హోనా."

పటేళ్ళు ఇటు తిరిగారు. దొర నమలడం ఆపాడు.

"బేటా? ఎవరి బేటా?" అన్నాడు కప్తాను.

"నాది సాబ్. మేరా. భిక్షపతి. ఉధర్, కంచె లోపల." తురకం, తెలుగు కలిసిపోయి వచ్చాయి. వచ్చినన్ని వచ్చాయి. "తీన్ మహీనే సాబ్. కల్లు పోసిండు, గంతే. చెట్టు కింద పోసిండు."

"వీనికేం తెల్వదు హుజూర్," అని దొర కలగజేసుకున్నాడు. కప్తాను చెయ్యెత్తి ఆపి, పక్కనున్న, కంచె కాపలా చూసే సుబేదారును అడిగాడు. సుబేదారు నుదురు రుద్దుకున్నాడు. ఆ కల్లువాడి మీద కేసేమీ లేదని, ఊరి పెద్ద పూచీపడి జమానతు రాసిస్తే చాలునని, దేశ్‌ముఖ్ సాబుకు రెండుసార్లు చిట్టీ పంపినా జవాబు రాలేదని చెప్పాడు.

మల్సూర్‌కు ప్రతి మాటా అర్థమైంది. రెండు చిట్టీలు! ప్రతివారం గడి ముందు నిలబడ్డాడు. ప్రతివారం దొర, చూద్దాంలేరా అన్నాడు. ఆ కాగితాలు అప్పుడు ఆ గోడ లోపలే ఉన్నాయి.

కప్తాను దొర వైపు తిరిగాడు. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. దావతు చెడిపోతోందన్న విసుగు ఉంది.

"చిట్టీలు అందలేదా?"

"అంది ఉంటయి హుజూర్, పనులల్ల పడి..." దొర మల్సూర్ వైపు తిరిగి, పళ్ళ మధ్యనుంచి తెలుగులో అన్నాడు. "రేపు గడికి రారా. రాసిస్త."

"సుబేదారు సాబు జేబుల కలమున్నది దొరా," అన్నాడు మల్సూర్. "గీడనే రాయుండ్రి."

బాంచెన్ అనలేదు. అనలేదన్న సంగతి అక్కడున్న పటేళ్ళిద్దరికీ తెలిసింది, గోపయ్యకు తెలిసింది, దొరకు అందరికంటే ముందు తెలిసింది. కప్తాను సీసా తనే ఎత్తి గ్లాసు నింపుకుంటూ, రాసెయ్యండి దేశ్‌ముఖ్ సాబ్, ఒక సంతకమేగా అన్నాడు. దొర గ్లాసు పక్కన పెట్టి కలం అందుకున్నాడు. తురకంలో నాలుగు వరుసలు రాసి కాగితం మల్సూర్ ముందు పడేశాడు.

మల్సూర్ కాగితం తీసుకున్నాడుగాని దండం పెట్టలేదు. కంబళి కుర్చీ మీద దించి, కాగితాన్ని సుబేదారు దగ్గరికి తీసుకుపోయాడు.

"ఏం రాసిండో సదువుండ్రి సాబ్. బేటా అని రాసిండా, కంబల్ అని రాసిండా?"

సుబేదారు ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. గట్టిగా చదివాడు. మల్సూర్ కొడుకు భిక్షపతి అని చదివేదాకా మల్సూర్ ఊపిరి తీసుకోలేదు.

*

కంచె గేటు తీసేసరికి పొద్దు కొండ మీదికి దిగింది. ఇద్దరు జవాన్లు చెరో రెక్కా పట్టుకుని భిక్షపతిని తెచ్చి బయట వదిలారు. పిల్లవాడు నిలబడబోయి కంచె గుంజ పట్టుకున్నాడు. చిక్కి సగమయ్యాడు, గడ్డం పెరిగింది. మల్సూర్ చూపు మాత్రం కిందికి పోయింది. తాటిచెట్టు బెరడును వేళ్ళతో పట్టి గబగబా పైకి పాకే కాళ్ళు అవి. అరికాళ్ళు ఉబ్బి, నల్లబడి, పక్కల పగిలి ఉన్నాయి. ఎడమ కాలు బొటనవేలు పక్కకు తిరిగిపోయింది. ఆ వేలుతో చెట్టెక్కలేడు.

"నాయినా," అన్నాడు భిక్షపతి. "దొర ఇడిపిచ్చిండా?"

"దొర గాదు బిడ్డా. నేనే అడిగిన."

"ఎవలిని?"

"కప్తానును."

"అడిగితే ఇడిసిపెట్టిండ్రా?"

"ఆఁ."

భిక్షపతి తండ్రి ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మరి గిన్నొద్దులు ఎందుకడగలే?"

మల్సూర్ బండి వైపు చూశాడు. గోపయ్య అప్పటికే ఎడ్లు కట్టి, ఇటు రమ్మనాలో వద్దో తేలక నిలబడ్డాడు. ఆ దొర బండి ఎక్కబుద్ధి కాలేదు. ఆండాలు ఇచ్చిన మూట చంకలో ఇరికించుకుని, కొడుకు ముందు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఎక్కు బిడ్డా," అన్నాడు.

భిక్షపతి తండ్రి మెడ చుట్టూ చేతులు వేశాడు. మల్సూర్ ఒక చెయ్యి నేలకు ఆనించి లేచి, ఇంటికి పోయే మాడుగులపల్లి దారి పట్టాడు.